ముందు ట్రిప్ అయింది ఏది?

2003 ఆగస్టు 14, గురువారం మధ్యాహ్నం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 3 గంటల 5 నిమిషాల 41 సెకన్లకు ఒక 345 కిలోవోల్టుల కరెంటు లైను చెట్టుకు తగిలి ట్రిప్ అయింది. 3:32:03కు రెండోది, 3:41:35కు మూడోది. అవీ చెట్లు తగిలే. 4:05:57కు సామిస్-స్టార్ అనే లైను కూడా పోయాక ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. మరో ఏడెనిమిది నిమిషాల్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

ఇలా సెకన్లతో సహా చెప్పగలుగుతున్నామంటే దాని వెనుక నెలల శ్రమ ఉంది. అమెరికా, కెనడా ప్రభుత్వాలు కలిసి వేసిన దర్యాప్తు బృందానికి రికార్డులకు కొదవ లేదు. సబ్‌స్టేషన్ల రిలేలు, పవర్ ప్లాంట్ల కంప్యూటర్లు, కంట్రోల్ రూముల అలారం జాబితాలు అన్నీ వేలల్లో వచ్చిపడ్డాయి. చిక్కల్లా వాటి మీదున్న టైముతోనే. చాలా పరికరాల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒకచోట బ్రేకర్ తెరుచుకున్న క్షణం నమోదైతే, మరోచోట ఆ కబురు కంప్యూటర్‌కు చేరిన క్షణం నమోదైంది. వందల లైన్లు, జనరేటర్లు వెంటవెంటనే పడిపోయినప్పుడు ఏది కారణమో ఏది ఫలితమో తేలాలంటే ముందు ట్రిప్ అయింది ఏదో తెలియాలి. బృందం ఒక్కో రికార్డునూ పక్కదానితో సరిచూసుకుంటూ ఆ వరుసను కూర్చింది. 2004 ఏప్రిల్‌లో వచ్చిన తుది నివేదికలోని 46 సిఫార్సుల్లో 28వది ఇదే: సంఘటనలు నమోదు చేసే పరికరాలన్నీ ఒకే టైముతో నడవాలి.

కరెంటు గ్రిడ్ ఒక్కటే కాదు. నీటి పథకం, సిమెంటు ఫ్యాక్టరీ, రిఫైనరీ, మెట్రో రైలు, ఇలా ఏది చూసినా నడిపించేది కంట్రోల్ సిస్టమే. సెన్సర్లు కొలుస్తాయి, పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్లు నిర్ణయం తీసుకుంటాయి, మోటార్లు, వాల్వులు, బ్రేకర్లు ఆ మాట వింటాయి. కంట్రోల్ రూములో స్కాడా అనే పర్యవేక్షణ వ్యవస్థ తెర మీద ఆపరేటర్ ఇదంతా చూస్తుంటాడు. ఈ ప్రతి పెట్టెలోనూ సొంత గడియారం ఉంటుంది. ప్రెజర్ గేజీని ఏటా కాలిబ్రేషన్‌కు పంపే చోట కూడా ఆ గడియారాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అదీ ఒక కొలత పరికరమే. అది తప్పు చెబితే మిగతా కొలతలన్నీ సరైనవే అయినా వాటి వరుస తప్పిపోతుంది.

ఒక పంప్‌హౌస్‌ను ఊహించుకుందాం. అర్ధరాత్రి దాటాక పంపు ఆగింది. పొద్దున ఇంజినీరు వచ్చి అలారం జాబితా తీశాడు. మొదటి వరుస: మోటారు ట్రిప్, 02:14:07.310. రెండోది: సక్షన్ వాల్వ్ మూసుకుంది, 02:14:07.920. మూడోది: సక్షన్ ప్రెజర్ తక్కువ, 02:14:09.050. ఇది చదివిన ఎవరికైనా అనుమానం మోటారు మీదకే పోతుంది. మోటారు ఆగింది కాబట్టి వాల్వ్ మూసుకుంది, వాల్వ్ మూసుకుంది కాబట్టి ప్రెజర్ పడిపోయింది. మోటారు విప్పి చూస్తారు, వైండింగ్ పరీక్షిస్తారు, ఏ లోపమూ దొరకదు. ఎందుకంటే వాల్వునూ ప్రెజర్‌నూ చూసే పీఎల్‌సీ వేరు, మోటారును చూసేది వేరు. మొదటిదాని గడియారం 2 సెకన్లు ముందుంది. ఆ 2 సెకన్లు తీసేస్తే కథ తలకిందులవుతుంది. వాల్వ్ 05.920కు దానంతటదే మూసుకుంది, 07.050కు ప్రెజర్ పడిపోయింది, తనను తాను కాపాడుకోవడానికి మోటారు 07.310కు ఆగింది. వెతకాల్సింది వాల్వ్ దగ్గర.

2 సెకన్ల తేడా రావడానికి పెద్ద లోపమేమీ అక్కర్లేదు. ఈ పెట్టెల్లో గడియారాన్ని నడిపేది మామూలు చేతి గడియారంలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికమే. సెకనుకు 32,768 సార్లు కంపించేలా దాన్ని కోస్తారు. కానీ ప్రతి స్ఫటికానికీ కొంత తేడా ఉంటుంది, వేడికీ చలికీ ఆ తేడా మారుతుంది. పది లక్షలకు 20 వంతుల తేడా అంటే మంచి స్ఫటికం కిందే లెక్క. ఆ తేడాతోనే రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది, నెలకు 50 సెకన్లు దాటుతుంది. ఏసీ లేని ప్యానెల్లో, మే నెల ఎండలో ఉన్న పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు.

స్ఫటికానికి బదులు కరెంటు ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టే గడియారాలూ ఉన్నాయి. సెకనుకు 50 సైకిళ్లు వస్తాయని నమ్మి అవి నడుస్తాయి. 2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా యూరప్‌లో ఆ నమ్మకం వమ్మయింది. కొసావో, సెర్బియాల మధ్య తగాదాతో గ్రిడ్‌లోకి రావాల్సిన కరెంటు రాక సగటు ఫ్రీక్వెన్సీ 49.996 హెర్ట్జ్‌కు జారింది. ఎంత? ఒక హెర్ట్జ్‌లో వెయ్యో వంతులు నాలుగు. అయినా ఓవెన్ల మీద, అలారం రేడియోల మీద టైము మెల్లమెల్లగా దాదాపు 6 నిమిషాలు వెనకబడింది. తేడా ఎంత చిన్నదైనా రోజూ పోగవుతుంది. గడియారాల విషయంలో ఎప్పుడూ ఇదే ఇబ్బంది. ఒకసారి సరిచేసి వదిలేస్తే సరిపోదు, ఎవరో ఒకరు తరచూ సరైన టైము చెబుతూనే ఉండాలి.

ఆ పని నెట్‌వర్కుకు అప్పజెప్పిన మనిషి డేవిడ్ మిల్స్. 1938లో పుట్టిన ఈ అమెరికన్‌కు చిన్నప్పటి నుంచే గ్లాకోమా, చూపు అంతంతమాత్రం. 1971లో మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు. తర్వాత కామ్‌శాట్ అనే ఉపగ్రహ సంస్థలో చేరి, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ మీద పనిచేస్తూ దూరదూరాన ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే టైము చూపించేలా చేయడం ఎలా అన్న ప్రశ్నను పట్టుకున్నాడు. డెలావేర్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు. నెట్‌వర్క్ టైమ్ ప్రొటోకాల్, అంటే ఎన్‌టీపీ, మొదటి పత్రం 1985 సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ పత్రం 2010 జూన్‌లో వచ్చింది. మిల్స్ 2024 జనవరి 17న 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. మన జేబుల్లోని ఫోన్ల నుంచి బ్యాంకు సర్వర్ల దాకా ఆయన పని మీద ఆధారపడనివి తక్కువ. ఆయన పేరు ఇంకా చాలామందికి తెలియాలి.

సర్వర్‌ను టైము అడిగితే అది చెబుతుంది, అందులో కష్టమేముంది అనిపించవచ్చు. జవాబు దారిలో ఉండగానే టైము గడిచిపోతుంది, కష్టమంతా అక్కడే. దారిలో ఎంతసేపు గడిచిందో కొలుద్దామంటే చేతిలో ఉన్నది తప్పు గడియారమే. మిల్స్ పద్ధతి నాలుగు టైములతో ఈ ముడి విప్పుతుంది.

అంకెల్లో చూస్తే సులువు. పీఎల్‌సీ తన గడియారంలో సరిగ్గా 10:00:00.000కు ప్రశ్న పంపింది. అది చేరేసరికి సర్వర్ గడియారంలో 10:00:00.130. సర్వర్ ఒక మిల్లీ సెకను తీసుకుని 10:00:00.131కు జవాబు పంపింది. అది అందేసరికి పీఎల్‌సీ గడియారంలో 10:00:00.061. పీఎల్‌సీ లెక్కన మొత్తం 61 మిల్లీ సెకన్లు గడిచాయి. అందులో సర్వర్ దగ్గర 1 పోతే దారి ఖర్చు 60. పోవడానికి 30, రావడానికి 30 అనుకుందాం. సర్వర్ 131కు పంపిన జవాబు 30 మిల్లీ సెకన్లు ప్రయాణించి చేరింది కాబట్టి అప్పుడు అసలు టైము 161 అయి ఉండాలి. పీఎల్‌సీ 61 చూపిస్తోంది. అంటే అది 100 మిల్లీ సెకన్లు వెనకబడి ఉంది. గోడ మీద మంచి గడియారం లేకపోయినా, ఒక ప్రశ్న, ఒక జవాబుతో తన తప్పెంతో పెట్టెకు తెలిసిపోయింది. ఎంత చక్కటి లెక్క!

ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది. పోవడానికీ రావడానికీ సమానంగా పడుతుందన్నదే అది. పోవడానికి 50, రావడానికి 10 పడితే లెక్క 20 మిల్లీ సెకన్లు తప్పుతుంది, ఆ తప్పును పట్టుకునే దారి ఈ నాలుగు అంకెల్లో లేదు. అందుకే ఎన్‌టీపీ ఒక్కసారి అడిగి ఊరుకోదు. మళ్లీ మళ్లీ అడుగుతుంది, వచ్చిన జవాబుల్లో దారి ఖర్చు తక్కువగా ఉన్నవాటికి విలువ ఎక్కువ ఇస్తుంది. ట్రాఫిక్ లేనప్పుడు వచ్చిన జవాబే నమ్మదగ్గది. ఇలా చేస్తే ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్కులో తేడాను ఒక మిల్లీ సెకను లోపుకు తేవచ్చు. బయటి ఇంటర్నెట్ మీదుగా అయితే కొన్ని మిల్లీ సెకన్ల నుంచి పదుల మిల్లీ సెకన్ల దాకా ఉంటుంది.

టైము చెప్పే సర్వర్‌కు టైము ఎక్కడి నుంచి వస్తుంది? పై నుంచి. అణు గడియారం, జీపీఎస్ రిసీవర్ లాంటివి సున్నా అంతస్తు. వాటికి నేరుగా కట్టిన సర్వర్ ఒకటో అంతస్తు, దాన్ని అడిగేది రెండో అంతస్తు, అలా 15 దాకా. 16 అంటే ఆ గడియారం ఎవరితోనూ కలవలేదని అర్థం. మన దేశంలో ఈ మెట్ల పైన ఉన్నది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. సీజియం పరమాణువు 9,192,631,770 సార్లు కంపించే వ్యవధిని 1967 నుంచి ప్రపంచమంతా సెకను అంటోంది. అలాంటి గడియారాలతో భారత ప్రామాణిక సమయాన్ని నిలబెట్టేది ఆ లాబొరేటరీయే. ఎన్‌టీపీ దారిలో ప్రయాణించేది మాత్రం ఎప్పుడూ యూటీసీ అనే అంతర్జాతీయ సమయమే. దానికి ఐదున్నర గంటలు కలిపి చూపించడం మన పెట్టె పని. కొత్త పీఎల్‌సీని కలిపేటప్పుడు ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోతే అలారాలన్నీ ఐదున్నర గంటల తేడాతో నమోదవుతాయి. తప్పు పెద్దది కాబట్టి ఇది త్వరగానే బయటపడుతుంది. బయటపడనివి రెండు, మూడు సెకన్ల తప్పులే.

ఒకే మూలాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2012 నవంబరు 19న తెలిసింది. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ నడిపే రెండు ప్రసిద్ధ టైమ్ సర్వర్లు కాసేపు 2000 సంవత్సరం అని చెప్పాయి. వాటినే నమ్ముకున్న కంప్యూటర్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి మొరాయించాయి. ఇద్దరిని అడిగితే, వాళ్ల మాటలు కలవనప్పుడు ఎవరు తప్పో తేల్చలేం. అందుకే కనీసం నాలుగు మూలాలు పెట్టమంటారు. ఒకటి అబద్ధం చెప్పినా, ఒకటి మూగబోయినా మిగతావి నిలబడతాయి.

తప్పెంతో తెలిశాక దాన్ని దిద్దడం ఇంకో కళ. ఇంట్లో గోడ గడియారమైతే ముల్లు తిప్పేస్తాం. నడుస్తున్న ప్లాంటులో అలా తిప్పడం ప్రమాదం. గడియారం అర నిమిషం వెనక్కి దూకిందంటే, గంట కొట్టగానే వాల్వ్ తెరవాలన్న ఆదేశం రెండుసార్లు నడవవచ్చు. ముందుకు దూకితే అసలు నడవకపోవచ్చు. ఫర్నేసు ఉష్ణోగ్రతను నిలిపే కంట్రోల్ లూపు గత కొలతకూ ఇప్పటి కొలతకూ మధ్య గడిచిన కాలంతో లెక్క వేస్తుంది. ఆ కాలం మైనస్‌లో వస్తే లెక్క ఏమవుతుందో ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఆలోచించి ఉండకపోవచ్చు. మిల్స్ రాసిన ప్రోగ్రామ్ తేడా 128 మిల్లీ సెకన్ల లోపుంటే గడియారాన్ని దూకించదు. దాని నడకను కాస్త వేగం చేసి, లేదా నెమ్మది చేసి, మెల్లగా దారికి తెస్తుంది. ఆ వేగానికీ హద్దు ఉంది, సెకనుకు అర మిల్లీ సెకను. ఆ లెక్కన ఒక సెకను తేడానూ దూకించకుండా ఇలాగే సర్దాలంటే 2,000 సెకన్లు, అర గంట పైనే పడుతుంది. 1,000 సెకన్లకు మించి తేడా కనిపిస్తే ప్రోగ్రామ్ తనంతట తాను ఆగిపోయి మనిషిని పిలుస్తుంది. అంత తేడా వచ్చిందంటే తప్పు తనదో సర్వర్‌దో తేల్చే పని యంత్రానిది కాదన్న ఆ వివేకం గొప్పది. లూపుల కాలాన్ని గోడ టైముతో కాకుండా వెనక్కి నడవని వేరే కౌంటరుతో లెక్కపెట్టే అలవాటూ మంచి ప్లాంటుల్లో ఉంటుంది.

మిల్లీ సెకను చాలా? పంప్‌హౌస్‌కు చాలు. గ్రిడ్‌లో అన్ని పనులకూ చాలదు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీ సెకన్లు, అంటే 360 డిగ్రీలు. గడియారం ఒక మిల్లీ సెకను తప్పితే కోణంలో 18 డిగ్రీలు తప్పుతుంది. దూరదూరాన ఉన్న సబ్‌స్టేషన్ల మధ్య వోల్టేజీ కోణాన్ని పోల్చి చూసే ఫేజర్ యూనిట్లకు ఆ తప్పు కుదరదు, అవి మైక్రో సెకన్ల లెక్కలో ఉండాలి. వాటికి జీపీఎస్ కావాలి, లేదా 2002లో ప్రమాణంగా వచ్చిన పీటీపీ అనే మరో ప్రొటోకాల్ కావాలి. పీటీపీలోనూ ప్రశ్నాజవాబులే. కాకపోతే టైము ముద్రను సాఫ్ట్‌వేర్ కాక నెట్‌వర్క్ చిప్పే వేస్తుంది, దారిలోని స్విచ్‌లు కూడా తమ దగ్గర ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చెబుతాయి. ఖర్చు ఎక్కువ, స్విచ్‌లన్నీ దానికి తగ్గవే ఉండాలి.

తెలుగువాళ్లకు ఈ కోణాల లెక్క దూరపు సంగతేమీ కాదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం వరుసగా రెండు రోజులు చీకట్లో పడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు ఆ దెబ్బ తగల్లేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో నడవడం లేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో అదీ కలిసింది. ఇప్పుడు రామగుండంలో ఒక యూనిట్ పడిపోతే పంజాబ్‌లోనూ ఫ్రీక్వెన్సీ కదులుతుంది. ఆ కదలికను రెండుచోట్లా నమోదు చేసే గడియారాలు ఒకటే కావాలి. 2010 నాటి గ్రిడ్ కోడే రికార్డింగ్ పరికరాలతో పాటు టైమ్ సింక్ పరికరాలూ ఉండాలని రాసింది. డబ్బు లెక్కా దీని మీదే నడుస్తుంది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎవరు ఒప్పుకున్నదానికంటే ఎంత ఎక్కువ వాడుకున్నారో మీటర్ల రీడింగులతో లెక్క కడతారు. మీటరు గడియారం తప్పితే ఒక భాగంలోని యూనిట్లు పక్క భాగంలో పడతాయి.

రైళ్ల సంగతీ అంతే. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో మొదట పరీక్షించిన, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థలో ఇంజనూ స్టేషనూ రేడియోలో మాట్లాడుకోవడానికి ఎవరి వంతు టైము వాళ్లకు ఉంటుంది. వంతులు కలగాపులగం కాకుండా ఉండాలంటే ఉపగ్రహం నుంచి వచ్చే ఒకే టైము అందరికీ అందాలి.

ఇంతకీ ప్లాంటులో గడియారాన్ని ఇంటర్నెట్‌తో ఎలా కలపాలి? నేరుగా కలపకూడదు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. టైము కోసం పీఎల్‌సీకి ఇంటర్నెట్ ఇస్తే, టైముతో పాటు ఇంకెవరైనా ఆ దారిన రావచ్చు. పైగా మామూలు ఎన్‌టీపీ ప్యాకెట్ మీద సంతకం ఉండదు, దారిలో ఎవరైనా మార్చవచ్చు. 2014 ఫిబ్రవరిలో జాగ్రత్తలేని ఎన్‌టీపీ సర్వర్లను వాడుకుని దుండగులు సెకనుకు 400 గిగాబిట్ల స్థాయి దాడి చేశారు. ఎన్‌టీఎస్ అనే కొత్త పద్ధతి సర్వర్ ఎవరో రుజువు చేస్తుంది, దాని పత్రం 2020లో వచ్చింది. పాత పీఎల్‌సీలకు అది తెలియదు.

సాధారణంగా కుదిరే ఏర్పాటు ఇలా ఉంటుంది. కంట్రోల్ రూము కప్పు మీద ఆకాశం బాగా కనిపించే చోట ఒక చిన్న యాంటెనా. కింద ర్యాకులో జీపీఎస్ క్లాక్. అది లోపలి నెట్‌వర్కుకు ఎన్‌టీపీ టైము ఇస్తుంది, రిలేలకు ఐరిగ్-బి అనే సిగ్నల్ ఇస్తుంది. రెండో దారిగా, ఫైర్‌వాల్‌కు బయట వైపున్న మధ్య గదిలాంటి నెట్‌వర్కులో ఒక సర్వర్ ఉంటుంది. బయటి టైమును అది ఒక్కటే అడుగుతుంది, లోపలివి దాన్ని అడుగుతాయి. రెండు దారులు ఎందుకంటే జీపీఎస్ కూడా తప్పుతుంది. 2016 జనవరి 26న పాత ఉపగ్రహం ఒకదాన్ని సేవ నుంచి తప్పించేటప్పుడు జరిగిన పొరపాటుతో జీపీఎస్ ఇచ్చే యూటీసీ టైములో 13 మైక్రో సెకన్లకు పైగా తేడా వచ్చింది, పలు దేశాల్లో టెలికాం పరికరాలు గంటల తరబడి అలారాలు కొట్టాయి. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ల టైమును నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే మూలాలతో గానీ కలపాలి.

అడిగే మర్యాద కూడా ఒకటుంది. 2003 మే నెల నుంచి అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ మీదకు సెకనుకు రెండున్నర లక్షల దాకా ప్యాకెట్లు వచ్చిపడ్డాయి. దాడి అనుకున్నారు. తీరా చూస్తే నెట్‌గేర్ అమ్మిన ఇంటి రౌటర్లలో ఆ సర్వర్ చిరునామా లోపలే రాసేశారు. జవాబు రాకపోతే అవి సెకనుకొకసారి అడుగుతూనే ఉన్నాయి. అలాంటి పెట్టెలు 7 లక్షలకు పైగా ఇళ్లకు చేరిపోయాయి. కంట్రోల్ పరికరం తయారుచేసే ఎవరైనా సర్వర్ చిరునామాను మార్చుకునే వీలు ఉంచాలి, జవాబు రానప్పుడు అడిగే విరామం పెంచుకుంటూ పోవాలి.

ఇప్పుడు కొనే పరికరాల విషయంలో ఒక తేదీని గుర్తుపెట్టుకోవడం అవసరం. ఎన్‌టీపీ సెకన్లను 1900 జనవరి 1 నుంచి 32 బిట్లలో లెక్కపెడుతుంది. ఆ లెక్క 2036 ఫిబ్రవరి 7న, మన టైము ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు ఇంకా రెండు నిమిషాల లోపే ఉందనగా, నిండిపోయి సున్నా నుంచి మొదలవుతుంది. కొత్త ప్రోగ్రాములకు ఇది తెలుసు. కానీ సబ్‌స్టేషన్ రిలే, ప్లాంటు పీఎల్‌సీ ఫోన్ల లాంటివి కావు, పదిహేను ఇరవై ఏళ్లు ప్యానెల్లోనే ఉంటాయి. ఇలాంటి చుట్టు ఒకటి జీపీఎస్ వారాల లెక్కలో 2019 ఏప్రిల్ 6న వచ్చింది. తేదీ నెలల ముందే అందరికీ తెలుసు. అయినా న్యూయార్క్ నగరం ట్రాఫిక్ సిగ్నళ్ల లాంటి వాటికి వాడే సొంత వైర్‌లెస్ నెట్‌వర్క్ రోజుల తరబడి పడిపోయింది. ఈ ఏడు టెండరు పిలిచే ఇంజినీరు స్పెసిఫికేషన్‌లో ఒక్క వాక్యం చేర్చి, గడియారాన్ని 2036 ఫిబ్రవరి 7కు పెట్టి ఫ్యాక్టరీలోనే పరీక్షించి చూపించమని అడగవచ్చు. ఆ పరీక్షకు ఒక పూట చాలు.